చదవడం మాట్లాడడం కాదు

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 8

మాటలు మానేసిన మరదలు బాలలక్ష్మికి,

నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. రాయనని మాత్రం అనలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నీ స్టీలు డబ్బా వారం రోజులుగా నా దగ్గర పడి ఉంది. ఖాళీ డబ్బా తిప్పి పంపకూడదని మా అమ్మ అండాలమ్మ చెప్పేది. మనిషి మీద కోపం ఉంటే ఉండనీ, డబ్బా ఏం చేసింది? మురుకులు పెట్టాను. అడుగున ఈ కాగితం. మీ ఆయనకు కాగితం సంగతి చెప్పలేదు. నా తమ్ముడు కొండల్ రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఇక్కడి బ్యాగుల దుకాణానికి వస్తాడు, సాయంత్రం పోతాడు. మన మధ్య డబ్బాలు మోయడం వాడికి చిన్నప్పటి బడిసంచీలా అలవాటైపోయింది, అడుగున ఏముందో చూడడు.

నువ్వేం చేశావో మరచిపోతావని రాస్తున్నాను. 'అక్షరాల అంగడి' పజిల్ రోజూ పొద్దున పది గంటలకు ఫోన్లోకి వస్తుంది, పన్నెండుకు మూతపడుతుంది. ఐదు ఆధారాలు, ఐదు మాటలు, ఒక్కో మాటకు మూడు అవకాశాలు. ఒక్క ఒత్తు తప్పినా గడులన్నీ ఎర్రబడతాయి. అలాంటిది నువ్వు పదీ ఆరుకల్లా, ముప్పై నలుగురు చుట్టాలున్న ఇంటి గ్రూపులో, "ఇయ్యాల మూడోది వెన్నెల. గింత అల్కగ ఇస్తే ఎట్ల?" అని పెట్టావు. నేను అప్పటికే మూడోది దాటాను కాబట్టి సరిపోయింది. అయినా ఒళ్లు మండి, బాలలక్ష్మి ఎవరి దగ్గరో చూసి రాస్తోందని నేనూ అదే గ్రూపులో పెట్టాను. నువ్వు గ్రూపు వదిలిపోయావు. నాకైతే ఇప్పటికీ అనుమానమే. అక్షరం పొట్టలో చుక్కకూ కింది ఒత్తుకూ తేడా పట్టించుకోని నువ్వు ఆరు నిమిషాల్లో మూడు మాటలు ఎలా పూర్తిచేస్తావు?

నాకు ఇవాళ్టికి అరవై ఒక్క రోజులు, ఒక్కటీ తప్పకుండా. నూరు రోజులు నిండితే మన పేరుతో ఒక పజిల్ తయారుచేసి ఇవ్వనిస్తారు, ఆదివారం వేస్తారు. మలక్‌పేట ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను. పెళ్లి కార్డులు, పంచాంగాలు, గెలిచినవాళ్ల కరపత్రాలు, ఓడినవాళ్ల కరపత్రాలు అన్నీ నా చేతిమీదుగా పోయాయి. కింద ప్రెస్సు పేరు వేస్తారు, యజమాని పేరు వేస్తారు. దిద్దినవాళ్ల పేరు ఎవరూ వేయరు. ఒక్కసారి, ఫోన్లోనైనా, నా పేరు అచ్చులో చూసుకోవాలని ఉంది, దాచుకోవడం ఎందుకు?

నూరో రోజు 'ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేశాను' అన్న మాట పక్కన టిక్ పెట్టాలి. ఈ నియమం నువ్వు చదివావో లేదో.

నీ ఆడబిడ్డ
కృష్ణకుమారి


ఎల్బీనగర్,
జూన్ 10

ఎర్రపెన్ను వదినకు,

బాలలక్ష్మి దండాలు. మీరు పెన్ను పట్టుకుని కూర్చుంటారని నాకు తెలుసు, అందుకే మా ఊరి మాట పక్కనపెట్టి పుస్తకాల భాషలో రాస్తున్నాను. పదో తరగతి తరువాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు.

మురుకులు అందాయి. మొదటిది కొరికితే ఉఛ్వాసం ఆగినంత పనైంది. మిక్సీలో వేసి పొడి చేసుకుందామంటే విధ్యుచ్చక్తి లేదు. మీరు ఫోన్ చేయకపోవడం వల్ల మాత్రం మద్యాహ్నం నిద్ర బాగా పడుతోంది.

పజిల్ సంగతి. నేను 'ల' నొక్కితే ఫోను 'ళ' వేస్తుంది. చెరిపి మళ్లీ నొక్కితే నేను అడగని ఇంకో మాట తెచ్చి పెడుతుంది. మీ తమ్ముడు చూసి, "ఫోన్‌తోని కొట్లాడుడేంది, బియ్యంల రాళ్లు ఏరరాదా" అంటున్నాడు. ఆయనకేం తెలుసు, ఐదు గడులూ పచ్చగా వెలిగినప్పుడు మనిషికి ఎట్లా ఉంటుందో.

నా లెక్క ఎన్ని రోజులో అడగకండి. చూసి రాసేవాళ్లకు లెక్కలేమిటి?

డబ్బాలో పచ్చిపులుసు, దాని మీద చిన్న గిన్నెలో పప్పు. ఒలికితే నా తప్పు కాదు, మెట్రోది.

బాలలక్ష్మి


దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 13

బాలలక్ష్మికి,

నీ ఉత్తరం దిద్ది తిప్పి పంపుతున్నాను. ఉచ్ఛ్వాసం. విద్యుచ్ఛక్తి. మధ్యాహ్నం. ఒక్కోదాన్ని పదిసార్లు రాయి. మురుకుల గురించి రాసే ఆడవాళ్లు ఊపిరి అంటారు, కరెంటు అంటారు. ఈ గంభీరమైన మాటలు నీ ఉత్తరంలోకి ఎందుకొచ్చాయో నాకు అంతుపట్టలేదు.

నా బాధ విను. నిన్న నాలుగో మాటకు సన్న్యాసి అని రాశాను. ముప్పై ఒక్క ఏళ్లు అలాగే దిద్దాను, ఒక్క స్వామివారూ కాదనలేదు. గడులన్నీ ఎర్రబడ్డాయి. ఆ అంగడివాడికి సన్యాసి కావాలట. ఐదు నిమిషాలు గోడ చూస్తూ కూర్చుని, ఆఖరికి వాడికి కావలసినట్టే రాసి నెగ్గాను. మనసు ఒప్పుకోని అక్షరం రాసి నెగ్గడం ఎంత కష్టమో నీకు తెలియదు. నీకు అలవాటే కదా.

పైన హాస్టల్లో ఉండే కోచింగ్ పిల్లలు నా అరుపు విని దిగివచ్చి, ఏమైంది ఆంటీ అని అడిగారు. సన్యాసితో గొడవ అని చెప్పాను. వాళ్లు మెల్లగా పైకి వెళ్లిపోయారు.

పచ్చిపులుసు బాగుంది. ఈమధ్య అక్షరాలు నాకు జంటలుగా కనబడుతున్నాయి. ఫోను పాతబడినట్టుంది.

కృష్ణకుమారి


ఎల్బీనగర్,
జూన్ 24

వదినకు,

పాతబడింది ఫోను కాదు. మీ తమ్ముడు నిన్న వచ్చి చెప్పాడు: "అక్క బస్సు నంబరు పక్కోళ్లను అడిగి ఎక్కుతున్నది. జర దవాఖానకు తీస్కపోవాలె." నేను మాట్లాడను కాబట్టి రాస్తున్నాను. కళ్లు చూపించుకోండి. అశ్రద్ద చేస్తే దుష్పలితం ఉంటుంది. నిర్లక్షం మంచిది కాదు.

పదిసార్లు రాయమన్నారు, రాశాను. వెనక పేజీలో ఉన్నాయి.

బాలలక్ష్మి


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 2

బాలలక్ష్మికి,

అశ్రద్ధ. దుష్ఫలితం. నిర్లక్ష్యం. మూడు వాక్యాల్లో మూడు తప్పులు, అదీ నా మంచి కోరుతూ.

మలక్‌పేటలో చూపించుకున్నాను. రెండు కళ్లలోనూ పొరలట. ఎల్లుండి మధ్యాహ్నం కుడికంటికి ఆపరేషన్. ఎడమది తరువాత ఎప్పుడో చేస్తారట, ఆ కంటితో ఇప్పుడు గడపకూ గోడకూ తేడా తెలియదు. పది రోజులు కంటికి కట్టు, ఫోను ముట్టుకోవద్దు, కాగితం చదవద్దు అన్నాడు డాక్టరు. పొద్దున పది నుంచి పన్నెండు వరకైనా చదవొచ్చా అని అడిగితే, నవ్వి తరువాతి పేషెంటును పిలవమన్నాడు.

ఎల్లుండి పొద్దున ఆడితే ఎనభై ఏడు. అక్కడితో సరి. మా అబ్బాయి మహేష్‌ను చదివి పెట్టమన్నాను. వాడిది ఇంగ్లీషు మీడియం, తెలుగు బస్సు బోర్డు వరకే వచ్చు. పైగా పొద్దున ఏడింటికి క్యాబ్ తీసుకుని వెళ్లిపోతాడు. ఆధారం చదవరా అంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగి, "అమ్మా, గీ వంకర దేనిది?" అంటాడు. కొండల్ దుకాణం తెరిచే వేళ కూడా పది గంటలే.

రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను బాలలక్ష్మీ. ఈ వయసులో ఒక ఆట కోసం ఏడుస్తారా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా ఏడుపు ఆగలేదు. ఇంకో పదమూడు రోజులే మిగిలేవి.

ఇక ఉత్తరాలు కూడా రాయకు. చదివే దిక్కు లేదు.

కృష్ణకుమారి


ఎల్బీనగర్‌లో రాసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మీ మంచం పక్కన చదువుతున్నది,
జూలై 5

కట్టు కట్టుకున్న వదినకు,

లేవకండి. నేనే. మీరు చదవలేరు కాబట్టి ఉత్తరాన్ని నేనే పట్టుకొచ్చి చదువుతున్నాను. చదవడం మాట్లాడడం కాదు. నా ఒట్టు నాకుంది, మీ ఒట్టు మీకుంది, రెండూ క్షేమం.

ఇప్పుడు పదకొండయింది. ఈ ఉత్తరం అయిపోగానే మీ ఫోను తీసి ఐదు ఆధారాలు పైకి చదువుతాను. అది కూడా చదవడమే. జవాబు చెప్పాలనుకుంటే నాతో చెప్పకండి. 'రాసుకో' అనండి, నేను నొక్కుతాను. రాత రానివాళ్లు పక్కింటివాళ్లకు చెప్పి ఉత్తరం రాయించుకుంటే ఆ పక్కింటివాళ్లతో మాట్లాడినట్టా?

ప్రెస్సులో ఒకరు అసలు కాగితం పైకి చదివితే మీరు అచ్చు చూసుకుంటూ దిద్దేవారని మీరే ఎన్నోసార్లు చెప్పారు. ఒత్తు దగ్గర ఒత్తు అని, దీర్ఘం దగ్గర దీర్ఘం అని చదివేవారట. నన్ను ఆ చదివే మనిషి అనుకోండి. ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఒక్క అక్షరం కలపను, ఒక్కటి తీయను.

నవ్వొస్తే నవ్వండి, నవ్వు మాట కింద రాదు. కన్ను మాత్రం అదరకూడదు.

బాలలక్ష్మి


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 8
(కృష్ణకుమారి చెప్పగా బాలలక్ష్మి రాసినది)

బాలలక్ష్మికి,

రాసుకో. ఇవాళ్టికి తొంభై ఒకటి. నువ్వు చదవడం పరవాలేదు గానీ, ప్రతి ఆధారానికీ ముందు గొంతు సవరించుకుంటావు, అది వద్దు. (అది మీ ఇంటి ఫ్యాన్ దుమ్ము. రాసిన మనిషి.) నిన్న నేను 'శాశ్వతం' అంటే, మొదటి శ ఏదని నువ్వు వేలితో నా అరచేతి మీద మూడు రకాలూ గీసి చూపించావు. మంచి ఉపాయమే. అయితే గిలిగింతలు పెట్టాల్సిన పనిలేదు. (అరచెయ్యి మీది, వేలు నాది, తప్పు ఎవరిదో తేలదు.)

నేను చెప్పనివి ఏమీ మధ్యలో రాయడం లేదు కదా? (లేదు.)

మా మహేష్ రాత్రి, "ఇంట్ల కూర వాసన వేరే ఉన్నది, అత్తమ్మ వచ్చిందా? మాటల్లేవన్నవు కదా" అని అడిగాడు. మాటలు లేవు, ఉత్తరాలే అన్నాను. వాడు స్నానానికి పోయాడు.

డబ్బాలో ఏం పెట్టాలో తోచలేదు. అలమారలో పల్లీ పట్టీ ఉంది, తీసుకో. ఖాళీది తీసుకెళ్లకు. (రెండు తీసుకున్నాను.)

కృష్ణకుమారి


ఎల్బీనగర్‌లో రాసి, మీ మంచం పక్కన చదువుతున్నది,
జూలై 11

వదినకు,

ఇవాళ ఎల్బీనగర్ స్టేషన్లో ఎక్కేసరికి నిలబడడానికి చోటు లేదు. చైతన్యపురిలో ఒక అమ్మాయి లేచి, కూచోండి ఆంటీ అంది. ఆంటీ అన్నందుకు కోపమొచ్చినా, కాళ్లు ముఖ్యం కాబట్టి కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన ఫోన్లో మన అంగడే ఆడుతున్నాడు. నేను తల తిప్పుకుని కిటికీలోంచి చూశాను. నేను చూసి రాసే మనిషినని లోకమంతా అనుకోకూడదు కదా.

బెండకాయ వేపుడు తెచ్చాను. మీ తమ్ముడు దుకాణంలో బడిసంచుల గిరాకీ బాగుందట. ఉత్తరం ఇక్కడికి అయిపోయింది. ఫోను తీస్తున్నాను.

బాలలక్ష్మి


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 11
(కృష్ణకుమారి చెప్పగా బాలలక్ష్మి రాసినది)

బాలలక్ష్మికి,

రాసుకో. ఇవాళ గండం తప్పింది. 'వెదురుతో అల్లి, పేడతో అలికి, వడ్లు నిలవచేసేది, రెండక్షరాలు' అన్నాడు. గాదె అన్నాను, ఎర్రబడింది. బుట్ట అన్నాను, ఎర్రబడింది. మిగిలింది ఒక్క అవకాశం, పది నిమిషాలు. పదేళ్ల పిల్లగా ఊరు వదిలి మలక్‌పేట వచ్చినదాన్ని, నాకు వడ్లంటే కిరాణా కొట్టు బియ్యమే.

సరిగ్గా అప్పుడే నువ్వు, ఉత్తరంలో ఇంకో పేరా మిగిలిపోయిందని చదవడం మొదలుపెట్టావు. చిన్నప్పుడు మీ అమ్మమ్మ ఇంట్లో దాగుడుమూతలు ఆడుతూ గుమ్మిలోకి దిగావట, వడ్లలో నడుము దాకా కూరుకుపోయావట, మీ అమ్మమ్మ చూసుకోకుండా పైన మూతపెట్టి పొలం పోయిందట. కథ బాగుంది గానీ, వేళాపాళా లేదు. నా కొంప మునుగుతుంటే మీ అమ్మమ్మ ముచ్చట్లా?

అయినా దేవుడు ఉన్నాడు. ఆ కథ విని నవ్వుతుండగానే గుమ్మి అన్న మాట నా అంతట నాకే తట్టింది. అనుభవం ఊరికే పోదు. (పోదు వదినా.)

తొంభై నాలుగు.

కృష్ణకుమారి


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 18

బాలలక్ష్మికి,

ఇది నా చేత్తో రాస్తున్నాను. కట్టు పోయాక నల్లద్దాల్లోంచి లోకం కొత్తగా ఉంది. మా వంటింటి గోడ ఇంత మురికిగా ఉందని నువ్వు పది రోజులూ చూశావన్నమాట. సిగ్గేసింది.

నిన్న నూరు నిండింది. ఐదు గడులు పచ్చగా వెలిగి, కింద 'ఎవరి సాయమూ లేకుండా' అన్న మాట, దాని పక్కన ఖాళీ గడి వచ్చాయి. టిక్ పెట్టే ముందు సంతోషంతో నీ ఉత్తరాలన్నీ తీసి, ఎర్రపెన్నుతో కూర్చున్నాను. పది రోజులు దిద్దకుండా ఉన్నాయి కదా, చెయ్యి దురద.

పదకొండో తారీఖు ఉత్తరం తీశాను. మెట్రో ఉంది, ఆంటీ ఉంది, బెండకాయ ఉంది. గుమ్మి లేదు. వెనక్కి తిప్పాను. నూనె మరక తప్ప ఏమీ లేదు. మిగతా ఉత్తరాల్లో వెతికాను, డబ్బా అడుగున కూడా చూశాను.

ముప్పై ఒక్క ఏళ్లు నా ఉద్యోగమే అది. చెవికి వినబడినదీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా అని చూడడం. ఒక్క అక్షరం కలపనని మాట ఇచ్చి, ఒక పేరా కలిపావు. మీ అమ్మమ్మను పొలం కూడా పంపావు. నేనేమో నాకే తట్టిందని, నీ చేతే రాయించాను. నువ్వు 'పోదు వదినా' అని రాశావు. అది ఇప్పుడు చదివితే చెవులు వేడెక్కాయి.

టిక్ పెట్టలేదు. ఒక రోజు గడువు ఉంది, ఇందాక పన్నెండుతో దాటిపోయింది. నువ్వు చేసింది తప్పని కాదు. ముప్పై నలుగురి ముందు నిన్ను చూసి రాసే మనిషివన్నాను. అదే చేత్తో ఆ గడిలో టిక్ ఎలా పెడతాను? బాధగానే ఉంది. అబద్ధమెందుకు, చాలా బాధగా ఉంది.

గ్రూపులో పెట్టాను: "బాలలక్ష్మి ఎవరి దగ్గరా చూసి రాయలేదు. సాయం తీసుకున్నది నేను. ఆ రోజు అన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను." ముప్పై మంది దండం బొమ్మలు పెట్టారు. మీర్‌పేట్ చుట్టం వాణి మాత్రం ఎంత డబ్బు సాయం అని అడిగింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నీకు అర్థమైతే చాలు.

ఒక్కటి అడుగుతాను. గుమ్మి అని నీకు అప్పటికే తెలుసు. మిగతావీ తెలుసా? పది రోజులూ జవాబులు నోట్లో పెట్టుకుని నా ముందు కూర్చున్నావా?

కృష్ణకుమారి


దిల్‌సుఖ్‌నగర్, మీ గుమ్మం బయట,
జూలై 30

వదినకు,

జవాబు ఆలస్యమైంది. కారణం ఉంది, చదవండి.

తెలుసు. రోజూ పది గంటలకు ఇంట్లో నా ఫోన్లో నేను ఆడేసి, ఆ తరువాతే మెట్రో ఎక్కేదాన్ని. ఆరు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. మీరు తప్పు మాట చెబుతుంటే నా కాలివేళ్లు ముడుచుకునేవి. నేను ముందే వాగే మనిషినని గ్రూపంతా అనుకుంటోంది కదా, వాగకుండా ఉండగలనని నాకు నేనే చూపించుకోవాలనిపించింది. ఏడో రోజు చేతకాలేదు. ఒక్క అవకాశమే మిగిలి మీరు గోడవైపు తిరిగారు, చూడలేకపోయాను. గుమ్మి కథ మాత్రం నిజం, కాగితం మీద లేదంతే. సాయంత్రం దాకా లోపలే ఉన్నాను, ఏడ్చి ఏడ్చి పచ్చి వడ్లు నమిలాను.

మీ నూరు పోయింది నా వల్లే. దానికి మీ కాళ్లు పట్టుకుంటాను, కంటికి బాగయ్యాక మీరు నా జుట్టు పట్టుకోండి.

ఇక నా లెక్క. మీ తరువాత పన్నెండు రోజులకు మొదలుపెట్టాను. నిన్నటితో నాకూ నూరు. మీరు వదిలేసుకున్నారని తెలిశాక ఈ పన్నెండు రోజులూ భయంతోనే ఆడాను.

టిక్ పెట్టే ముందు నాకూ ఒక చిక్కు వచ్చింది. నా ఉత్తరాల్లో తప్పులు చాలావరకు నేను కావాలని పెట్టినవి. ఏ మాట రాయడం అనుమానంగా ఉంటే ఆ మాట మురుకుల్లోనో కళ్ల డాక్టరు సంగతిలోనో ఇరికించేదాన్ని. మీ ఎర్రపెన్ను దిద్ది తిప్పి పంపేది. పదిసార్లు రాయమన్నారు, ఇరవైసార్లు రాశాను. ఇది సాయం కిందికి వస్తుందా అని అంగడివాళ్లకు ఉన్నదంతా రాశాను. నేర్చుకోవడం సాయం కాదు, అందరూ అలాగే నేర్చుకుంటారు అని జవాబు వచ్చింది. టిక్ పెట్టాను.

రాత్రి కూర్చుని పజిల్ తయారుచేశాను. గుమ్మి ఉంది, పచ్చిపులుసు ఉంది, డబ్బా ఉంది. సన్న్యాసి కూడా ఉన్నాడు, మీరు రాసినట్టే. వాళ్లు ఒప్పుకోకపోతే మీరే కొట్లాడాలి. శనివారంలోపు పంపాలి, ఆదివారం వేస్తారు. కింద ఏం వేయాలని అడిగారు. ఇలా రాసి పంపాను, ఒప్పుకున్నారు:

కూర్చినది: బాలలక్ష్మి, ఎల్బీనగర్.
అక్షరమక్షరం దిద్దినది: కృష్ణకుమారి, దిల్‌సుఖ్‌నగర్.

మీ పేరు మాత్రం ముప్పైసార్లు చూసుకున్నాను. తప్పు లేదు. మిగతా పజిల్ కాగితం నిండా తప్పులు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, ఈసారి కావాలని పెట్టినవి కావు. ఎర్రపెన్ను తీయండి. ప్రెస్సులోలాగా అసలు కాగితం నేను పైకి చదువుతాను.

ఇవాళ డబ్బా తేలేదు. అన్నం మీ ఇంట్లోనే తింటా.

ఒక్క మాట మిగిలింది. ఇప్పుడే మీ తలుపు కొట్టాను. మీరు లోపలినుంచి "ఎవరది?" అన్నారు. నేను జవాబు చెప్పకుండా ఈ కాగితం తలుపు కిందినుంచి తోశాను. ఇదంతా పొద్దున్నే ఇంట్లో రాసుకొచ్చాను, ఎందుకంటే ఆ మాట అడగకుండా మీరు ఏ రోజూ తలుపు తీయలేదు.

మొదట మాట్లాడింది మీరే వదినా. ఇగ తలుపు తియ్యి.

బాలలక్ష్మి